గాజుల కొట్టు ముందు మైకు

మొన్న విజయనగరంలో స్నేహితురాలి పెళ్లిలో గాజులు తొడిగే ఆవిడ సబ్బు నురగ రాసి పెళ్లికూతురి చేతిని మెత్తగా పిసుకుతుంటే, ఆ తడి సబ్బు వాసనకి నేను పన్నెండేళ్లు వెనక్కి వెళ్లి, గజపతినగరం సంతలో, నూర్జహాన్ పిన్ని గాజుల కొట్టు ముందు, ముక్కాలి పీట మీద నిలబడ్డ తొమ్మిదేళ్ల పిల్లనైపోయాను.

మా నాన్న సువార్త చెప్పేవాడు. సంత రోజున, ఎండాకాలమైతే జీడిమామిడి పళ్ల ఘాటూ పనస తొనల తీపీ కలిసి ముక్కుకు తగిలే ఆ రద్దీలో, పిన్ని కొట్టులోంచే కరెంటు తీసుకుని మైకు పెట్టేవాడు. నేను పొట్టిదాన్ని కనక, గాజులు వేయించుకునేవాళ్లు కూర్చునే పీట మీద నన్ను నిలబెట్టి ముందు పాట పాడించేవాడు. తర్వాత ఒంటికి ఆడంబరం కూడదని బోధించేవాడు, అదీ గాజుల కొట్టు ముందు నిలబడి! పిన్ని నవ్వుకుంటూ తన గాజులు తను అమ్ముకునేది. ఆమె మా అమ్మను అక్కా అనేది, అందుకే నాకు పిన్ని, నాన్న ఆమెకు బావ. మధ్యాహ్నం మసీదులో అజాన్ మొదలవగానే నాన్న ఏ మాట మధ్యలో ఉన్నా మైకు కట్టేసేవాడు, పిన్ని కొంగు తలమీదకు లాక్కునేది, అయ్యాక అందరికీ అల్లం టీ వచ్చేది. మా క్రిస్మస్ అరిసెలు వాళ్లింటికి వెళ్లడం, వాళ్ల రంజాన్ సేమ్యా మా ఇంటికి రావడం ఎంత మామూలో ఇదీ అంతే మామూలు.

ఒక వారం నాన్న వేరే ఊరి బోధకుణ్ణి పిలిచాడు. ఆయన అజాన్ మొదలైనా ఆపలేదు సరికదా, శబ్దం పెంచి, ఆ ప్రార్థననూ ఆ మనుషులనూ నోటికొచ్చినట్టు అన్నాడు. పిలిచి తెచ్చిన అతిథి కదా అని నాన్న తల దించుకుని నిలబడ్డాడు. పిన్ని వైరు పీకేసి, పీట లోపల పెట్టుకుంది. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. పిన్ని ఇక మా మనిషి కాదేమోనని భయం, నాన్న మీద చెప్పలేనంత కోపం.

మళ్లీ సంతకు నాన్న మైకు లేకుండా, నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, కొట్టు ముందు నిలబడి, జరిగింది తప్పేనని మెల్లగా చెప్పాడు. పిన్ని గాజులు సర్దుతూ తలెత్తకుండా అంది.

"మైకులో అన్న మాట మైకులోనే దిగాల బావా. ఇలాగ సెప్తే ఆ సివర కూరగాయలోలికి ఏటి వినబడతాది?"

నాన్న వెంటనే ఇంటికెళ్లి మైకు మోసుకొచ్చాడు. వైరు పిన్నే తగిలించింది.

"పోయినవారం ఈ మైకులో అన్న మాటలు తప్పు," అన్నాడు నాన్న, సంతంతా వినేలా. "అవి వింటా నోరు మూసుకుని నిలబడ్డాను సూడండి, నాది ఇంకా పెద్ద తప్పు."

అలా చెప్పినందుకు మా సంఘంలో కొందరు తర్వాత నెలరోజులు నాన్నతో మాట్లాడలేదు. కానీ ఆ పూట పిన్ని పీట బయట పెట్టి, నాకేసి చూసి, ఎక్కమని తల ఊపింది. పీటెక్కి పాట ఎత్తుకుంటే, ఏడుపూ సంతోషమూ కలిసిపోయి శ్రుతి ఎక్కడెక్కడికో పోయింది. పాట సగంలో ఉండగా అజాన్ మొదలైంది. ఎవరూ చెప్పకుండానే నేను ఆపేశాను.

ఇప్పుడు ఆ కొట్టు లేదు, అక్కడ సెల్‌ఫోన్ల షాపు వచ్చింది. మైకు మోసే ఓపిక నాన్నకూ లేదు. కొట్టు ఖాళీ చేసిన రోజు పిన్ని ఆ పీటను మా ఇంటికి పంపేసింది. రంజాన్‌కి సేమ్యా గిన్నెతో వస్తే దానిమీదే కూర్చుంటుంది. కబుర్ల మధ్య అజాన్ వినబడితే నాన్న ఇప్పటికీ సగం మాటలోనే ఆగిపోతాడు. పిన్ని కొంగు తలమీదకు లాక్కుంటుంది. అది పూర్తయ్యాక నాన్న వైపు తిరుగుతుంది.

"ఏటో సెప్తన్నావు బావా, సెప్పు."