డిక్కీ తెరవనన్న రోజు

మా ఇంటి ఓనర్ అంకుల్ పోయారని రూమ్మేట్ ఫోన్ చేసినప్పుడు నేను కాఫీ షాపులో డ్యూటీలో ఉన్నాను. గుండెపోటు. అంబులెన్సు వచ్చేసరికే అంతా అయిపోయిందట. కళ్లు తుడుచుకుని, లైన్లో ఉన్నవాళ్లకి కాఫీ పోశాను. ఆయనెవరో తెలిసినవాళ్లు ఆ షాపులో ఒక్కరూ లేరు.

కెనడాలోని ఈ సార్నియా కాలేజీకి మనవాళ్లు గుంపులు గుంపులుగా దిగిన రోజుల్లో ఆయన బేస్‌మెంట్‌లో అద్దెకి చేరాం. పైన ఆయనొక్కరే. ఆంటీ పోయి చాలా కాలమైంది, కొడుకు ఎక్కడో దూరంగా ఒషావాలో ఉంటాడు. బస్సులు సరిగా లేని ఊరు కదా, ఆదివారాలు తన కారులోనే మాకు డ్రైవింగ్ నేర్పేవారు. నోట్లో ఎప్పుడూ సోంపు నలుగుతూ ఉండేది.

పార్కింగ్ కంటే ముందు పోలీసు పాఠం. ఆయనే పోలీసై వచ్చి అద్దం మీద కొట్టేవారు. గుంటూరు నుంచి వచ్చిన మా రూమ్మేట్ గబగబా సీటు బెల్టు తీసి, కాగితాలు పట్టుకుని దిగి ఎదురెళ్లింది. మన దగ్గర ఎస్సై ఆపితే చేసేది అదే మరి! అంకుల్ తల పట్టుకున్నారు. ఇక్కడ దిగితే మీదికొస్తున్నారనుకుంటారు, కూర్చోవడమే మర్యాద అని మళ్లీ మళ్లీ చేయించారు. లైసెన్స్ అడిగితే చూపించండి, ఊరికే డిక్కీ తెరవమంటే మాత్రం నెమ్మదిగా వద్దనండి, ఆ హక్కు మీకుంది అనేవారు. మాకదంతా నాటకంలా ఉండేది, పడీ పడీ నవ్వేవాళ్లం.

ఒకసారి ఆయనా నేనూ పక్క ఊళ్లో సామాన్లు కొనుక్కుని వస్తుంటే పోలీసు ఆపాడు. మాకంటే జోరుగా పోతున్న తెల్లవాళ్ల కారుని వదిలేశాడు. ఈ కారు ఎవరిది అన్నాడు. మన ముఖాలకి మంచి కారు ఉండకూడదు కాబోలు! ఆ తర్వాత డిక్కీ చూడొచ్చా అన్నాడు. అంకుల్ వద్దంటారని చూశాను. ఆయన తెరిచేశారు. బియ్యం బస్తా, పప్పులు, పచ్చడి సీసా మంచు మీద పరిచి, చూసి, వెళ్లిపోయాడు. అన్నీ మేమే ఏరి పెట్టుకున్నాం. నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు తెరిచారని గట్టిగానే అడిగాను.

"నువ్వు పక్కనున్నవు గద బిడ్డా. నీ పీఆర్ ఫైల్ నడుస్తున్నది, గొడవైతే ఈడ ఉండనియ్యరు."

కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం కోటు కూడా విప్పకుండా మా తలుపు కొట్టారు. ముఖం వెలిగిపోతోంది. మళ్లీ ఆపారట. ఈసారి కారులో తనొక్కరే, డిక్కీ తెరవనన్నారు. రోడ్డు పక్కన చాలాసేపు కూర్చోబెట్టి, చివరికి పొమ్మన్నారట. కొడుక్కి చెప్పారా అంటే, వాడు భయపడతాడన్నారు.

"ఇంకెవరికి చెప్పాలె? నీకే చెప్తున్న," అన్నారు.

ఆ పూట మా కిచెన్‌లో కూర్చుని టీ తాగి, అదే మాట మళ్లీ మొదటి నుంచి చెప్పారు. నాకు విసుగు రాలేదు.

ఆయన్ని ఉంచిన ఫ్యూనరల్ హోమ్‌లో కొడుకుని తొలిసారి చూశాను. నాన్న ఎవరికీ ఎదురుచెప్పే మనిషి కాదని వచ్చినవాళ్లతో ఇంగ్లీషులో అంటున్నాడు. ఆగలేక పక్కకి పిలిచి, ఆ సాయంత్రం సంగతి చెప్పాను. తననీ పోలీసులు ఎన్నోసార్లు ఆపారట.

"నాన్న నాకు మాత్రం ఎప్పుడూ తెరిచేయమనే చెప్పాడు," అన్నాడు. "నేను ప్రతిసారీ తెరిచాను."

వచ్చిన కొద్దిమందీ వెళ్లిపోయారు. అతను ఒక కుర్చీ లాక్కుని పేటికలో ఉన్న తండ్రి పక్కన కూర్చున్నాడు. కొత్త మనిషిని చూస్తున్నట్టు ఆ ముఖాన్నే చూస్తూ ఉన్నాడు.