నర్సయ్య మామ మీద కప్పిన చాదర్లు

ఈ రోజు పొద్దున మా దాజీ పేట్‌లో కూలికి మగ్గం నడిపే నర్సయ్య మామ పోయాడు. చూడవచ్చిన ప్రతి ఇంటివాళ్లూ ఆనవాయితీగా శవం మీద కొత్త చాదర్ దుప్పటి ఒకటి కప్పారు. కట్టెలకూ బండికీ మాత్రం ఎవరి చెయ్యీ జేబులోకి పోలేదు.

మామకు కొడుకుల్లేరు. "నిప్పు పెట్టినోళ్లదే ఖర్చు, అదే మన కులం కాయదా," అని కులపెద్ద అనగానే, మామ తమ్ముడి కొడుకులిద్దరూ చెప్పులు వెతుక్కున్నారు.

బీడీలు చుట్టే కూతురు లక్ష్మి నా వైపు తిరిగింది. "నిప్పు నేనే పెడ్త. నాయిన మీద ఒక్క చాదర్ ఉంచి, మిగిలినయి దుకాణంల వాపస్ ఇచ్చి రా అన్నా."

పోయినవాళ్ల ఆస్తిలోంచి ముందు అంత్యక్రియల ఖర్చే తీయాలంటుంది చట్టం. మామ ఆస్తి ఆ చాదర్ల కుప్పే. అవి అమ్మిన అశోక్ చౌక్ దుకాణదారు డబ్బులిచ్చి, వాటిని మడతపెట్టి మళ్లీ ముందు వరుసలోనే పెట్టాడు. ఆ డబ్బుతోనే కట్టెలూ బండీ వచ్చాయి.

ఇకనుంచి చావింటికి నేను చాదర్ తీసుకుపోను, దాని డబ్బే ఇస్తాను. మీరేం తీసుకెళ్తారు?