సాంబ్రాణి వార్డెన్

నిన్న పొద్దుగాల మెట్ల మీద ఒకాయన ఎదురై, "ఏం సాంబ్రాణి అంకుల్, బాగున్నవా?" అని పలకరించిండు. నా పేరు యాదగిరి. పదహారేండ్ల సంది ఆబిడ్స్‌ల అదే కాంప్లెక్సు, అదే రెండో అంతస్తు, రబ్బరు స్టాంపులు, నేమ్ బోర్డులు చేస్తున్న. అసలు పేరు పోయి గీ పేరు ఎట్ల వచ్చిందో చెప్తా, వినున్రి. నవ్వొస్తే నవ్వున్రి, కోపం చేసుకునే మొఖం నాకెక్కడిది!

మా కాంప్లెక్సుల ఈ మధ్యనే ఫైర్ అలారం పెట్టిచ్చిన్రు. మా ఫ్లోరుల నర్సింహులు అని గడియారాలు రిపేర్ చేస్తడు. మస్తు భక్తి. దినాం పదకొండింటికి సాంబ్రాణి ఏస్తడు, పొగ కారిడార్ నిండుతది, అలారం మొత్తుకుంటది. మొదటి దినం అందరం కిందికి ఉరికినం. రెండో దినం సగం మందిమి. వారం తిరిగేసరికి ఎవ్వరూ తలకాయ కూడ ఎత్తుతలేరు. పైగా నేనొక అలవాటు చేసిన. అలారం మోగంగనే బయటికొచ్చి "సాంబ్రాణీ!" అని గట్టిగ ఒర్రుడు. అందరూ నవ్వి మల్ల పనిల పడుడు. గదో సరదా!

గిట్లాంటోన్ని ఫ్లోర్ వార్డెన్, అంటే అలారం మోగితే అందర్ని కిందికి దించేటోన్ని, చేసిన్రు చూడున్రి! "అలారం మోగిన వెంటనే కిందికి దిగవలెను" అని మెట్ల కాడ ఎర్రక్షరాల బోర్డు ఉంటది. అది చేసింది నేనే. "బోర్డు నీదే, వార్డెన్ కూడ నువ్వే" అన్నడు మా కాంప్లెక్సు ప్రెసిడెంట్. ఒక విజిల్, ఒక నారింజ రంగు జాకెట్ చేతిల పెట్టిన్రు. జాకెట్ ఏసుకొని ఫోటో దిగి స్టేటస్ పెట్టిన. నాంపల్లిల మా గల్లీ అంతా "ఏంది అంకుల్, సర్కారు నౌకరీ వచ్చిందా?" అని అడిగిన్రు. ఒక్క దినం షాన్. తెల్లారి ఆ జాకెట్ ఎక్కడ పెట్టాల్నో తెల్వలే. షాపుల తలుపెనుక ఇన్వర్టర్ ఉంటది. దుమ్ము పడకుంట దాని మీద కప్పిన. కొలత తీసి కుట్టిచ్చినట్టు సరిపోయింది!

ఎలక్ట్రీషియన్ చూసిండు. "అంకుల్, దాని మీద ఏం కప్పకు. గాలాడకపోతే కాలుతది."

"చలికాలం గదా, కప్పుకోనియ్" అన్న. ఏం జోక్ ఏసిన్నో అని నాకు నేనే నవ్వుకున్న.

రెండు దినాల సంది ఇన్వర్టర్ కుయ్ కుయ్ అంటుండె. ఫోన్ల పాటల సౌండ్ పెంచిన.

మొన్న సోమవారం, పదకొండుకు జర ముందు, షాపుకు వీపు పెట్టి కారిడార్ల చాయ్ తాగుతున్న. అలారం మోగింది. గొంతు సవరించుకొని "సాంబ్రాణీ!" అన్న. లోపలికెల్లి నవ్వులు. కానీ మా ఫ్లోరులనే టైలరింగ్ షాపు నడిపే సుగుణక్క మాత్రం మెట్లు దిగుతున్నది. అరవై దాటినయి, రెండు మోకాళ్లూ నొప్పులే. రెయిలింగ్ పట్టుకొని ఒక్కొక్క మెట్టే దిగుతున్నది.

"అక్కా, ఆ మోకాళ్లతోటి ఎందుకు కష్టం? సాంబ్రాణి!"

"దిగుమని బోర్డు మీద ఉన్నది గద తమ్మీ."

"ఆ బోర్డు చేసిందే నేను. నేను చెప్తున్న గదా, పైకి రా!"

ఎనిమిది మెట్లు. ఎనిమిదీ మల్ల ఎక్కింది, నా మాట మీద. స్టూల్ ఏసి కూసోబెట్టిన. రొప్పుకుంటనే ముక్కు ఎగబీల్చింది.

"ఇది సాంబ్రాణి వాసన తీరు లేదు."

"కొత్త రకం తెచ్చిండేమో."

"ప్లాస్టిక్ కాలినట్టుంది తమ్మీ."

"అన్నిట్ల కల్తీనే అక్కా ఇప్పుడు. సాంబ్రాణిల కలపరా?"

ఆమె నర్సింహులు దుకాణం దిక్కు చూసింది. "మరి షట్టర్ ఏసి ఉన్నదేంది?"

చూసిన. తాళం! అప్పుడు యాదికొచ్చింది. నర్సింహులు మేనకోడలి పెండ్లికని ఊరికి పోయిండు. పోయేటప్పుడు "దుకాణం జర చూస్తుండే అన్నా" అని నాకే చెప్పి పోయిండు!

మీరు నమ్ముతరో లేదో, అప్పటికి కూడ నా నోరు ఆగలే. "కింది ఫ్లోరోళ్లు ఏసిన్రేమో..." అంటుంటనే వాచ్‌మన్ ఇస్మాయిల్ భాయ్ ఉరికొచ్చిండు.

"యాదగిరి భాయ్! వెనక చూడు! పొగ నీ దుకాణంకెల్లే!"

తిరిగి చూస్తే నా తలుపు మీదికెల్లి నల్లగ పొగ. దినాం రబ్బరు కాలే వాసనల కూసొని కూసొని నా ముక్కు ఎప్పుడో పని బంద్ చేసింది. విజిల్ ఏది? కౌంటర్ సొరుగుల. కౌంటర్ ఏది? పొగల! ఒర్రుదామని నోరు తెరిచిన. ఏం వచ్చిందో తెలుసా? అలవాటుల "సాంబ్రాణీ!" అనే వచ్చింది.

లోపలున్నోళ్లు హాయిగ నవ్విన్రు. ఒక్కడు కదల్లే.

"కాదు! మంటలు! నిజంగనే మంటలు! అమ్మ తోడు!" అని తలుపు తలుపూ బాదినంక గని బయటికి రాలే. అందరూ ఉరికిన్రు. సుగుణక్క లేవబోయి మల్ల కూలబడ్డది. ఎక్కిన మెట్లకే మోకాళ్లు పట్టేసినయి. జిరాక్స్ షాపాయన, నేను ప్లాస్టిక్ కుర్చీల ఆమెను కూసోబెట్టి మోసుకుంట దిగినం. పొగల కండ్లు కనిపిస్తలేవు. ఆమె నా భుజం గట్టిగ పట్టుకున్నది. ఈమెకేమన్న అయితే నేను బతికెట్ల ఉండాలె అనుకున్న, ఒట్టు.

ఇస్మాయిల్ భాయ్ మెయిన్ బంద్ చేసి, ఎర్ర సిలిండర్ కొట్టి మంట ఆర్పిండు. ఫైరింజన్ వచ్చేసరికి పొగే మిగిలింది. ఎవ్వరికీ ఏం కాలే, దేవుని దయ.

ఫైర్ ఆఫీసర్ అడిగిండు. "ఈ ఫ్లోర్ వార్డెన్ ఎవరు?"

బడిల పిల్లగాని లెక్క చెయ్యెత్తిన.

"జాకెట్ ఏది?"

లోపలికెల్లి నల్లటి ముద్ద ఒకటి పట్టుకారుతోటి పట్టుకొస్తున్నరు. చూపిచ్చిన. "అదే సార్."

ఆయన అదే ముక్క కాయితం మీద రాసుకున్నడు. నాలుగు తిట్టినా బాగుండు. కింద చాయ్ బండి కాడ సుగుణక్కకు నీళ్లు తాపిచ్చి, "తప్పైంది అక్కా" అన్న.

"నేనైతే దిగుతనే ఉంటి తమ్మీ" అన్నది మెల్లగ. "వార్డెన్‌వి గదా, నీకు తెల్వదా అని వచ్చిన."



బుధవారం నర్సింహులు ఊరికెల్లి వచ్చిండు. పదకొండుకు అలారం. ఒక కాలికే చెప్పుతోటి, రెండేసి మెట్లు దూకుకుంట కిందికొచ్చి పడ్డ. పైకి చూస్తే మా ఫ్లోరంతా రెయిలింగ్ మీద వంగి, "అంకుల్, సాంబ్రాణీ! పైకి రా!" అని ఒర్రుతున్నరు. అచ్చం నా రాగమే. ఒక్కడు దిగలే. నేర్పింది నేనే, ఎవర్నని ఏమంట?

వెనకకెల్లి ఎవరో "తమ్మీ" అన్నరు. చాయ్ బండి కాడ సుగుణక్క. గ్లాసుల చాయ్ అప్పటికే సగమైంది.

"అక్కా! నాకంటే ముందు ఎట్ల దిగినవ్?"

"పావుతక్కువ పదకొండుకే దిగిన" అన్నది. "వార్డెన్‌వి నువ్వైనంక, అలారం దాకా ఆగుడెందుకని."