లియాఖత్ అలీ చెవు, అన్వరీ బేగం టీవీ

లియాఖత్ అలీ కొట్టి చూడంది ఏదీ కొనడు. కొట్టుడంటే మనుషులను కాదు, తోబ తోబ, ఆయన చీమకు గూడ జాగ ఇచ్చి నడిచే మనిషి. వస్తువులను కొడ్తడు. నడిమి వేలు ముడిచి, కణుపుతోని టక్ టక్ అని రెండు దెబ్బలేసి, తల వంచి, కండ్లు మూసుకొని వింటడు. చప్పుడు మంచిగుంటే కొంటడు, లేకుంటే సలాం చెప్పి లేస్తడు.

పుచ్చకాయను అందరు కొట్టి చూస్తరు, కుండను గూడ కొట్టి చూస్తరు, దాంట్ల వింతేమున్నది. లియాఖత్ అలీ బెండకాయను గూడ కొట్టి చూస్తడు. ఒకసారి చెప్పుల దుకాణంల జత చెప్పులు కొట్టి చూసి, ఎడమది కుడిదాని కంటె వయసుల చిన్నది, నాకొద్దు పొమ్మన్నడు. దవాఖానల డాక్టరు ఈయన రొమ్ము మీద వేళ్లు పెట్టి కొట్టి చూస్తాంటే, సార్ ఇంకోసారి కొట్టుండ్రి, ఎడమ దిక్కు గాలి జర తక్కువున్నట్టున్నదని ఈయననే డాక్టరుకు చెప్పిండట. ఆ డాక్టరు ఇప్పటికీ ఈయన వస్తాండంటే ముందుగాల నౌకరును పంపి కారు టైర్లు చూపిస్తడు.

ఈ అలవాటుకు కారణమున్నది. నల్లగొండ బస్సు డిపోల టైర్ల సెక్షన్ల ఆయనది ఇరువై ఆరేండ్ల కొలువు. తెల్లారి బస్సులు బయటికి పోయే ముందట సుత్తెతోని ఒక్కొక్క టైరును కొట్టి, చప్పుడును బట్టి గాలెంతున్నదో చెప్పాలె. లియాఖత్ అలీ చెప్పిందానికి మీటరు చెప్పిందానికి తేడా వస్తే, డిపోల మీటరును రిపేరుకు పంపుతరు. ఆయనకు ఆస్తి లేదు, పాస్తి లేదు. ఉన్నదల్లా ఆ చెవు, దాని మీద ఉన్న పేరు.

పెండ్లి గూడ గట్లనే కుదిరింది. కట్టంగూర్‌కు పిల్లను చూడపోయిన నాడు, చాయ్ వచ్చేదాక అరుగు మీద ఊకె కూసోలేక, దర్వాజ చౌకట్‌ను టక్ టక్‌మనిపిచ్చిండు. ఎవరో వచ్చిండ్రనుకొని పిల్లనే ఉరికొచ్చి తలుపు తీసింది. మొఖం మీద మొఖం పడ్డది, గంతే. ఆమెనే అన్వరీ బేగం. ఈయన కొట్టి చూడకుంట తెచ్చుకున్నది నన్నొక్కదాన్నే, గందుకే నా విలువ తెల్వదని ఆమె ఇరువై నాలుగేండ్ల సంది గల్లీకంతా చెప్తనే ఉన్నది. ఇంట్ల ఇద్దరు మాట్లాడుకునేది ఉర్దూల, కొట్లాడుకునేది మాత్రం తెలుగుల. పక్కింటి భద్రమ్మకు అర్థం కాకపోతే తీర్పు ఎవలు చెప్తరు మరి.

తొంభైల వాళ్లింటికి టీవీ వచ్చింది. పద్నాలుగు టీవీలను కొట్టి చూసినంక వచ్చిందది. ఆ గల్లీల అదే మొదటి టీవీ. ఆదివారం పొద్దున తొమ్మిది కొట్టేసరికి చెప్పులు వాకిలి దాటి రోడ్డెక్కేటివి. అన్వరీ బేగం గోడకానుకొని ఉన్న దివాన్ మీద ఎడమ మూలకు కూసునేది, భద్రమ్మ టీవీ పక్కకు, ఆమెకు మొఖం కనవడేటట్టు కింద చాప మీద కూసునేది. లియాఖత్ అలీకి ఎప్పుడూ దర్వాజ కాడ స్టూలే.

ఇగ అసలు ముచ్చట. అన్వరీ బేగంకు రెండేండ్ల సంది కుడి చెవు వినవడ్తలేదు. ఆ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు, ఎవ్వలకూ చెప్పలేదు. వాళ్లమ్మకు గూడ గిట్లనే చెవులు పోయినయి. పోరగాండ్లు ఆ ముసలామె ముంగట కూసోని ఉత్తగ పెదవులు ఆడిచ్చి నవ్వేటోళ్లు, కోడండ్లు ఆమె మొఖం మీదనే ఆమెను తిట్టేటోళ్లు. అది కండ్లార చూసినంక, కండ్లు పోయినా మంచిదే గాని చెవుడు మాత్రం నాకొద్దు ఖుదా అని మొక్కుకున్నది. మొక్కింది మరీ గట్టిగ మొక్కిందో ఏమో, అదే వచ్చింది.

టీవీ గొంతేమో పీలది. ఒక్క చెవుకు మాట తెల్వదు. గందుకని ఆమె ఒక ఉపాయం పట్టింది. టీవీ చూసుడు బంద్ చేసి భద్రమ్మ మొఖం చూసుడు మొదలువెట్టింది. భద్రమ్మ నవ్వితే నవ్వేది, భద్రమ్మ ముక్కు చీదితే కొంగుతోని కండ్లొత్తుకునేది. యాడాది మంచిగనే నడిచింది. ఒక ఆదివారం భద్రమ్మ కంట్ల నలుసు పడ్డది. ఆమె కన్ను నలుపుకుంటాంటే అన్వరీ బేగం ఎక్కెక్కి ఏడ్చింది. టీవీల మాత్రం బాజాలతోని పెండ్లయితాంది. ఇంటెడు మంది ఎనకకు మళ్లి చూసిండ్రు. నాకు మా అమ్మగారిల్లు యాదికొచ్చిందని ఎట్లనో తప్పిచ్చుకున్నది గాని, ఇగ ఈ ఉపాయం పనికిరాదని ఆ నాడే తెలిసిపోయింది.

దానికి తోడు వచ్చే బక్రీదుకు ఆడబిడ్డ వస్తానన్నది. అమీరున్నీసా ఆపా, లియాఖత్ అలీ పెద్దక్క, భువనగిరి మనిషి. పదిరోజులుంటనని కార్డు రాసింది. అమీరున్నీసా ఎంత మెల్లగ మాట్లాడుతదంటే, ఉప్పు అడిగినా ఎవలో లేచిపోయిన ముచ్చట చెప్పినట్టే అడుగుతది. ఆమె గుసగుసలు రెండు చెవులున్నోళ్లకే సగం అందవు. మరదలుకు చెవుడని ఆమెకు తెలిసిందంటే, సాయంత్రం బస్సుకు భువనగిరి అంతట తెలుస్తది. కనీసం టీవీ ముంగటనన్న బయటపడకుంట కాపాడుకోవాలె అనుకున్నది అన్వరీ బేగం.

అందుకే మొగని మీద పడ్డది. గీ టీవీ గొంతు దోమ గొంతు లెక్కున్నది, దీనికో సౌండు పెట్టె తెమ్మన్నది. లియాఖత్ అలీ మారుమాట లేకుంట సరేనన్నడు.

సరేనన్నది శ్రావణంల. అప్పటి సంది ప్రతి బేస్తారం డ్యూటీ దిగంగనే గడియారం సెంటర్ల అమరేందర్ రేడియో దుకాణంకు పోవుడు, వట్టి చేతులతోని వచ్చుడు. ఒక పెట్టె ముక్కుతోని మాట్లాడుతాందట. ఇంకోదానికి పహిల్వాన్ గొంతట, ఆడమనిషి వార్తలు చదివినా మొగోడు చదివినట్టే ఉన్నదట. ఒక జత పెట్టెలు దర్వాజలంత ఉన్నయట, పాట వస్తే దుకాణంల అద్దాలు గజగజ వణికినయట గాని పాటల మాట మాత్రం ఒక్కటి అర్థం కాలేదట. ఒకదాన్ని కొట్టి చూస్తే లోపట బల్లి ఉన్నదన్నడట, విప్పి చూస్తే నిజంగనే ఉన్నదట. అమరేందర్ ఆ పెట్టెను ఆయన కండ్ల ముంగటి నుంచి తీసి దాచిపెట్టిండట.

శ్రావణం పోయింది, దసరా పోయింది, సంక్రాంతి పోయింది, ఉగాది గూడ పోయింది. బక్రీదుకు మొత్తం నెలరోజులు గూడ లేవు. నాకు గా పెట్టెల బాస వద్దు, ఏదో ఒకటి తెండ్రి అని అన్వరీ బేగం తెలుగుల మొత్తుకున్నది. లియాఖత్ అలీ ఆమె దిక్కు మళ్లి, గట్టిగ, ఒక్కొక్క మాట ఇడిసి ఇడిసి, జర సబర్ చెయ్యి, మంచిది దొరకాలె గద అన్నడు. ఈ మధ్య ఆయన మాట గట్లనే అయింది, డిపోల ఇంజన్ల నడుమ ఒర్రినట్టు. వయసు పెరిగినకొద్ది మర్యాద తగ్గుతాందని ఆమె మూతి తిప్పుకున్నది.

గప్పుడు గుర్వయ్య పిడుగసొంటి వార్త తెచ్చిండు. గుర్వయ్య భద్రమ్మ పెనిమిటి, అదే డిపోల డ్రైవరు. లియాఖత్ సాబ్‌కు చెవుడొచ్చిందని డిపో అంతా అంటాండ్రట. అమరేందర్ దుకాణంల ఆయనే సొంతంగ చెప్పుకున్నడట. డిపోల పెద్దసారు పిలిచి, పన్నెండు టైర్లు వరుసకు పెట్టి, కండ్లకు గుడ్డ కట్టి పరీక్ష పెట్టిండట. పన్నెండిటికి పన్నెండు సరిగ్గ చెప్పిండట. మరి చెవుడెక్కడిదయ్యా అని సారు అడిగితే, టైరు మాట వినవడ్తది సార్, మనిషి మాటనే వినవడ్తలేదు అన్నడట.

ఇంట్ల ఇద్దరం చెవిటోళ్లమైతే వాకిట్ల వచ్చినోళ్లకు తలుపెవలు తియ్యాలె అనుకున్నది అన్వరీ బేగం. ఆయన చెవు పోతే ఆయన మనిషే పోయినట్టు. అది తెల్వకుంట పెట్టె పెట్టె అని సతాయిస్తినేనని తనను తాను తిట్టుకున్నది. బుర్ఖా ఏసుకొని సీద అమరేందర్ దుకాణంకు పోయింది. ఏదో ఒక పెట్టె కొని, ఈ తిరుగుడు బంద్ చెయ్యాలన్నది ఆమె ఆలోచన.

అమరేందర్ లేచి స్టూలు ఏసిండు. ఎడమ దిక్కు నిలవడి మాట్లాడిండు గనుక ఆమెకు అంతా వినవడ్డది.

"చాచీ, మీరు వచ్చుడు మంచిగైంది. మీరేమనుకోకుండ్రి గాని, చాచాను హైదరాబాద్ పెద్ద దవాఖానల చూపియ్యుండ్రి. ఆయనకు కుడి చెవు పూర్తిగ పోయింది."

"కుడి చెవా?" అన్నది అన్వరీ బేగం.

ఔ, కుడిదే అన్నడు అమరేందర్. ఏడెనిమిది నెలల సంది ఒకటే తీరు. వచ్చుడు వచ్చుడే కుడి చెవుల దూది కుక్కుకుంటడు. చెవు పోయినంక దూదెందుకని అడిగితే గాలి పోకుండ అంటడు. గాయింత దూరంల గోడకానుకొని కూసుంటడు. ఇంటికాడ దారంతోని కొలిచి తెచ్చిండు, దివాన్ నుంచి టీవీ దాక ఏడడుగుల జానెడట. ఏడు గంటల వార్తలు పెట్టమంటడు, ఆడమనిషి సన్నగ చదివే రోజే చూసి వస్తడు. మెల్లగ చేస్తడు, ఇంకా మెల్లగ చేస్తడు, చదివిన మాట తిరిగి నాకు అప్పజెప్తడు. ఒక్క మాట తప్పినా ఈ పెట్టె వద్దంటడు. పెద్ద పెట్టెలల్ల డబడబ ఎక్కువ, మాట తక్కువ అంటడు. ఆఖరికి వడ్లాయనకు చెప్పి, కట్టె కోపిచ్చి, గీ చిన్న పెట్టె చేయిచ్చిండు. దీన్ని టీవీ పక్కకు పెట్టడట, దివాన్ ఎడమ మూలకు, చెవు పక్కకు పెడ్తడట. బొమ్మ ఒక దిక్కు మాట ఒక దిక్కు ఉంటే ఎట్ల చాచా అంటే, నేను ఆడనే కూసుంటరా అన్నడు.

ఆయన ఏనాడూ ఆడ కూసోలేదు. ఆ ఎడమ మూల ఎవలదో అన్వరీ బేగంకు తెలుసు.

ఆమె చెయ్యి దానంతటది కుడి చెవు మీదికి పోయింది. ముందుగాల సిగ్గయింది. ఎన్నాళ్ల సంది తెలుసు ఈ మనిషికి అని ఎనకనే కోపమొచ్చింది. ఆ గట్టి మాటలు, ఇడిసి ఇడిసి చెప్పుడు, బజారుకు పోతే ఎప్పుడూ ఆమెకు ఎడమ దిక్కే నడుచుడు, అన్నీ ఒక్కసారి యాదికొచ్చినయి. డిపో అంతా సలాం కొట్టే చెవును ఆమె కోసం చెవిటి చెవు చేసుకున్నడు. కండ్లల్ల నీళ్లు తిరుగుతాంటే, పన్నెండు టైర్లు, మనిషి మాట, బల్లి అన్నీ కలిసి నవ్వొచ్చింది. అమరేందర్ బెదిరిపోయి నీళ్లు తెచ్చిచ్చిండు.

"చాచాకు నేనొచ్చిన సంగతి చెప్పకు బేటా," అని లేచింది.

మర్నాడు లియాఖత్ అలీ పెట్టెను చంకల పెట్టుకొని వచ్చిండు. నా చెవులు గీ మధ్య మంచిగ లేవు, గందుకే ఈ మూలకు పెడ్తానన్నడు. అన్వరీ బేగం, పెట్టుండ్రి అన్నది. ఆ ఆదివారం టీవీల ముసలాయన కోడలిని ఎక్కిరిస్తే, అందరి కంటె ముందుగాల నవ్వింది అన్వరీ బేగం. భద్రమ్మ ఆమె మొఖం చూసి, తనకేమన్న ముక్క తప్పిపోయిందేమోనని తను గూడ నవ్వింది.

బక్రీదుకు రెండు రోజుల ముందట అమీరున్నీసా ఆపా బస్సు దిగింది. వాకిట్ల కాలు పెట్టంగనే మరదలు కుడి చెవు దిక్కు వంగి ఏదో గుసగుస మొదలువెట్టింది. అన్వరీ బేగంకు ఒక్క ముక్క అందలేదు. లియాఖత్ అలీ అడ్డమొచ్చి నిలవడ్డడు.

"ఆపా, నా చెవుల ముచ్చట నీకు తెల్వదు గద. జర గట్టిగ మాట్లాడాలె. నాతోని ఒక్కనితోనే కాదు, ఇంట్ల ఎవ్వలతోని మాట్లాడినా గట్టిగనే మాట్లాడు. మీరు మెల్లగ మాట్లాడుకుంటే నా మీద చాడీలు చెప్పుకుంటాండ్రని నాకు రాత్రి నిద్ర పట్టది."

తమ్ముని మీద పానమున్న మనిషి, అమీరున్నీసా కండ్లొత్తుకున్నది. పదిరోజులు ఆ ఇంట్ల ఉప్పు అడిగితే గుర్వయ్య ఇంటి నుంచి ఉప్పు వచ్చింది. భువనగిరి రహస్యాలన్నీ నల్లగొండ గల్లీకి తెలిసినయి. అన్వరీ బేగంకు ఒక్క మాట తప్పిపోలేదు.

పోయే రోజు పొద్దున లియాఖత్ అలీ వాకిట్ల ఆపా కొన్న కొత్త బకెటును కొట్టి చూస్తాండు. అర్రల అమీరున్నీసా మరదలు చెయ్యి పట్టుకొని, గీ చెవిటోనితోని ఎట్ల ఏగుతానవే తల్లీ అని ఏడ్చినంత పని చేసింది.

అన్వరీ బేగం బయటికి ఒకసారి చూసి, ఆయనకు వినవడకుంట చాన మెల్లగ అన్నది.

"చెవులదేమున్నది ఆపా. అసొంటి మనిషి ఏడేడు లోకాలు ఎతికినా దొరకడు."

వాకిట్ల టక్ టక్ ఆగింది. లియాఖత్ అలీ బకెటు ఇడిసిపెట్టి ఇటు మళ్లి చూసి, ఉన్న పండ్లన్నీ బయటపెట్టి నవ్విండు.

అమీరున్నీసా తమ్ముని చూసింది, మరదలును చూసింది.

"గంత మెల్లగ అంటివి, వానికెట్ల వినవడ్డదే?"

"మంచి మాట ఎవలకన్న వినవడ్తది ఆపా," అన్నది అన్వరీ బేగం. "నేను తిట్టేటియే ఆయనకు ఇరువై నాలుగేండ్ల సంది వినవడ్తలెవ్వు."