పల్చటి ప్రాజెక్టు

నేను బడికి వెళ్ళలేదు. ఇంట్లో నాన్నే చదువు చెప్పారు. ఒక పేరా చదివించి, పుస్తకం మూయించి, “ఇప్పుడు నీ మాటల్లో చెప్పమ్మా” అనేవారు. ఈ అలవాటు డిగ్రీకి అడ్డొస్తుందని పాపం ఆయనకు తెలియదు.

అనకాపల్లిలో వీధికో నెట్ సెంటర్ వెలిసిన రోజులవి. నాది దూరవిద్యలో డిగ్రీ, చివరి ఏడాది. ఆదివారం ఆరాధన ముగించుకుని క్లాసుకు వెళ్ళేదాన్ని. లెక్చరర్ గారు అందరికీ ఒకటే ప్రాజెక్టు ఇచ్చారు: మన ఊరి బెల్లం. నెట్‌లో వెతికి, ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగుతో తేవాలి. ఆయన సంతకం పడితేనే హాల్ టికెట్.

నెట్ సెంటర్ ఆయన బెల్లానికి ఇంగ్లీషు మాట కొట్టి, మొదట వచ్చిన పేజీలన్నీ ప్రింటు తీసి ఇచ్చేసేవాడు. క్లాసు మొత్తానికీ అవే. చదివి చూస్తే అది ఏదో ద్వీపంలో కొబ్బరి నీరా కాచి చేసే బెల్లం. బుచ్చయ్యపేట నుంచి మా క్లాసుకు వచ్చే అక్క చేతిలోనూ అదే కట్ట.

“మీ నాన్నగారే చెరకు బెల్లం వండుతారు కదక్కా. ఆయన్నడిగి రాయొచ్చుగా?”

“అడిగితే సెప్తాడు సెల్లీ. కానీ ఆయన నెట్టులో లేడు కదా.”



నేనే కంప్యూటర్ ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని ప్రార్థించాను. నెట్ సెంటర్ ఆయన క్యాబిన్‌కు కట్టిన గుడ్డ తెర తీసి చూశాడు. “పడుకున్నా గంట గంటేనమ్మా.”

బెల్లం పక్కన చెరకు, అనకాపల్లి, సున్నం అని ఒక్కో మాటా చేర్చుకుంటూ వెతికాను. మాట చేరినకొద్దీ చెత్త తగ్గింది. మరిగే రసంలో సున్నం ఎందుకు వేస్తారో చివరికి దొరికింది. చదివాను, మూసేశాను, నా మాటల్లో టైపు చేశాను. అర్థం కానిది అక్క చేత వాళ్ళ నాన్నను అడిగించాను. అంతా కలిపి ఏడెనిమిది పేజీలు.

లెక్చరర్ గారు తెరవలేదు. అరచేతిలో పెట్టి తూచారు.

“ఏటమ్మా, ఇంత పల్చగుంది? మిగతావాళ్ళు ఎంత కష్టపడ్డారో చూడు.”

“వాళ్ళు తెచ్చింది మన బెల్లం కాదండి.”

“ఏ బెల్లమైనా తియ్యగానే ఉంటాది. దీనికి సంతకం పెడితే పైవోళ్ళు నన్నడుగుతారు. రేపటికి లావు చేసి తీసుకురా.”

మళ్ళీ నెట్ సెంటర్‌కు వెళ్ళాను. తెలియనిది ఒక్క మాటా కలపనని ముందే చెప్పాను.

“కలపమన్నదెవరమ్మా,” అంటూ ఆయన అక్షరాల సైజు పెంచాడు. వరుసల మధ్య ఎడం రెట్టింపు చేశాడు. ప్రతి శీర్షికకూ ఒక పేజీ దానం చేశాడు. నా ప్రాజెక్టు పొంగు వచ్చిన పాలలా లేచింది.

మర్నాడు లెక్చరర్ గారు మళ్ళీ తూచారు. “సూసేవా, మనసు పెడితే ఎంత సమాచారం దొరికిందో,” అంటూ సంతకం పెట్టారు.

ఇంటికి వచ్చి నాన్న పక్కన మోకరించి దేవునికి స్తోత్రం చెల్లించాను. వరుసల మధ్య ఖాళీ పెంచే ఆ మీటను కనిపెట్టిన మనిషెవరో నాకు తెలియదు. వారినీ, వారి పిల్లలనూ చల్లగా చూడమని ప్రత్యేకంగా వేడుకున్నాను.