హత్యలో ఫెయిలైన ఖాదర్ సాబ్

మోకాలి నొప్పికని మా ఆవిడ కొత్త హాట్‌వాటర్ బ్యాగు కొనుక్కొచ్చింది. మూత తియ్యగానే గుప్పున కొట్టిన రబ్బరు వాసన నన్ను తీసుకెళ్లి సౌదీలో అల్ ఖోబర్‌లోని మా ఆఫీసు స్టోరురూములో కూర్చోబెట్టింది. గల్ఫ్ యుద్ధం రోజులవి. ఇరాక్ క్షిపణి వస్తోందని సైరన్ మోగితే అందరం రబ్బరు గ్యాస్ మాస్కులు తగిలించుకుని అందులో దూరేవాళ్లం. ఇంగ్లండువాళ్ల హత్యాచట్టం నాకు వంటబట్టింది అక్కడే. నేర్పింది మా హెడ్ క్లర్కు ఖాదర్ సాబ్. కర్నూలు మనిషి. యాభై దాటాక లండన్ లా పరీక్షకు పోస్టులో పాఠాలు తెప్పించుకుని చదివేవారు. నేను ఆయన కింద టైపిస్టును, కడప నుంచి కొత్తగా వచ్చినవాణ్ణి.

ఒక సాయంత్రం సైరన్ మోగింది. నేను కంగారులో మాస్కు తలకిందులుగా తగిలించుకోవడం చూసి సాబ్ మాస్కులోంచి బుసకొడుతూ పాఠం మొదలుపెట్టారు. "హత్య కావాలంటే పోయినోడు మనిషై ఉండాల. చంపడం చట్టానికి విరుద్ధం కావాల. పైగా అది రాణిగారి శాంతిలో, అంటే ఆ రాజ్యానికి యుద్ధం లేనప్పుడు జరగాల. యుద్ధంలో శత్రువును చంపితే హత్య కాదు. కాబట్టి ఆ క్షిపణి మన మీద పడినా హత్య కిందికి రాదబ్బీ."

"మనం ఎవరికి శత్రువులం సార్? ఏసీలు బాగుచేసే కంపెనీ గదా మనది?"

సాబ్ మాస్కుతోనే తల ఊపారు. "మంచి పాయింటే. లండన్‌కు రాసి అడుగుతా," అన్నారు. సైరన్ ఎప్పుడు ఆగిందో నేను గమనించనే లేదు.

ఆ పాఠంలో మిగిలిపోయిన ముక్క, అంటే చంపేవాడి మనసులో ఏముండాలన్నది, యుద్ధం ముగిశాక మల్లయ్య పుణ్యాన తెలిసింది. మల్లయ్య మా కంపెనీ ప్లంబరు, జగిత్యాల వైపు మనిషి. ఇంటి నుంచి వచ్చిన మామిడికాయ తొక్కు పచ్చడిని, క్యాంపు గదిలో తోడుండే గంగారాం ఊడ్చి తినేశాడు. "నిన్ను సంపుత!" అని మల్లయ్య పైపు పానా విసిరాడు. అది తగల్లేదు గానీ, పరిగెత్తబోయిన గంగారాం తడి వరండాలో జారి, తల కొట్టుకుని కళ్లు తేలేశాడు. మల్లయ్య ఏడుస్తూ ఆఫీసులోకి ఊడిపడ్డాడు.

"సంపిన సాబ్! గంగారాంను సంపిన!"

సాబ్ ముందు డ్రైవర్ని డాక్టరు కోసం పరిగెత్తించి, తర్వాత తలుపు మూశారు. "చంపాలనే విసిరినావా?"

"అమ్మతోడు, కాదు సాబ్! ఉత్తగ కాలు ఇరగ్గొడ్దామనుకున్న."

సాబ్ నెత్తి కొట్టుకున్నారు. "ఒరేయ్, ఆ మాట ఇంకెక్కడా అనొద్దు! ఘోరంగా గాయపరచాలనుకున్నా చాలు, మనిషి పోతే ఇంగ్లీషోళ్లకు అది హత్యే!"

"నడుమల ఇంగ్లీషోళ్లెందుకొచ్చిన్రు సాబ్!" అని మల్లయ్య ఇంకా పెద్దగా ఏడ్చాడు.

అంతలో తలుపు దడాలున తెరుచుకుంది. నెత్తిన తడి తువ్వాలుతో గంగారాం! "ఏడీ వాడు? ఇయ్యాల సంపుడే!"

సాబ్ కుర్చీలో కూలబడ్డారు. "అల్‌హందులిల్లా. పోయినోడే వచ్చి చంపుతానంటే కేసు నిలబడదు."

కానీ ఫోర్‌మన్ అప్పటికే మల్లయ్య మాటను అరబ్బీలోకి మార్చి మా సౌదీ మేనేజరు, అందరూ ముదీర్ అనే ఆయన, చెవిన వేశాడు. చంపుతానన్నవాణ్ణి క్యాంపులో ఉంచేది లేదు, పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి ఇండియాకు పంపెయ్యమన్నాడు ముదీర్. ఊళ్లో మల్లయ్య ఇల్లు గోడల దాకా లేచి ఆగి ఉంది. సాబ్ నన్ను వెంటబెట్టుకుని ముదీర్ గదికి వెళ్లారు. చట్టం ఊసే ఎత్తలేదు. "సార్, మా భాషలో ఆ మాట అమ్మలది. మా అమ్మ రోజూ నన్ను చంపుతాననేది. చూడండి, ఎంత లావయ్యానో," అన్నారు.

ముదీర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "మా అమ్మ ఇప్పటికీ నన్ను కోస్తానంటుంది," అన్నాడు. ఎగ్జిట్ ఆగింది.

బయటికొచ్చాక మాత్రం సాబ్ మల్లయ్యను వదల్లేదు. "మాట వేరు, పానా వేరురా. అది తగిలుంటే ఏ అమ్మ పేరు చెప్పినా నిన్ను కాపాడలేకపోయేవాణ్ణి." మల్లయ్య తల దించుకుని వెళ్లి, గంగారాం తలకు తనే కట్టు కట్టాడు.

ఆ ఏడు పరీక్షలో క్రిమినల్ పేపరు సాబ్‌ను దెబ్బకొట్టింది. "హత్యలో ఫెయిలైనానబ్బీ! ఇంట్లోవాళ్లు సంతోషించాల్సిన సంగతే గదా," అని ఆఫీసంతటికీ చాయ్ పోయించారు.

సాబ్ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మా అపార్ట్‌మెంటు తగాదాలు నా దగ్గరికి వస్తుంటాయి. ఫలానావాడు ఇంత మాటన్నాడని ఎవరైనా మోసుకొస్తే, అన్నవాడి ఇంట్లో ఆ మాటను ఎప్పుడెప్పుడు వాడతారని ముందు అడుగుతాను. వచ్చినవాళ్లు విసుక్కుంటారు. అయినా, వాళ్లు జవాబు చెప్పేదాకా తీర్పు మాట ఎత్తను.