మావయ్య కత్తి మీద నిమ్మకాయ మచ్చ

మా మావయ్య పోయారు. టెక్సస్‌లోని ప్లేనో నుంచి అత్తయ్య ఫోన్ చేసి, "మీ మావయ్య ఇక లేరే. కాఫీ కలిపి పిలిస్తే పలకలేదు" అంది. మీటింగ్ మధ్యలో లేచి వెళ్లి కార్‌లో కూర్చుని ఏడ్చాను.

ఆయన సాఫ్ట్‌వేర్ మనిషే కానీ, పిచ్చంతా తెరచాప ఓడల కాలంనాటి నౌకాదళ అధికారుల కత్తుల మీద. ఏళ్ల తరబడి వెతికి ఒకే ఒక్కటి కొనుక్కున్నారు. చేపతోలు చుట్టిన పిడి, కత్తి మీద సన్నగా చెక్కిన లంగరు బొమ్మ. చూడ్డానికి వెళితే కాఫీ కన్నా ముందు నూలు గ్లౌజులు చేతికిచ్చేవారు. "చేతి చెమట చాలమ్మా, ఇనుముని తినేస్తుంది" అనేవారు. దాని అసలు యజమాని పేరు ఆయనకూ తెలియదు. "ఇది ఆ ఆఫీసర్‌ది. నేను వాచ్‌మన్‌ని" అని నవ్వేవారు. నా ఉద్యోగం పోయి వాళ్లింట్లో తలదాచుకున్నప్పుడు, ఇంటర్వ్యూల సంగతి అడక్కుండా, ఆ కత్తికి మైనం రాయడం నేర్పారు. ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది అదే.

ఒక దసరాకి మావయ్య ఊళ్లో లేరు. అత్తయ్య ఆయుధపూజకి కారు తాళాలు, లాప్‌టాప్, కూరగాయల చాకు పేర్చింది. ఇంట్లో ఉన్న అసలు ఆయుధాన్ని వదిలేస్తే అమ్మవారు ఊరుకుంటుందా అని గోడమీది కత్తీ దించింది. బొట్టు పెట్టి, దాంతోనే నిమ్మకాయ కోసి, పూజలో పెట్టింది కదపకూడదని మర్నాటిదాకా అలాగే ఉంచేసింది. లంగరు మీద నల్లటి మచ్చ పడింది.

"పోనీలేవే, పూజే కదా" అన్నారు మావయ్య, ఊరి నుంచి వచ్చి చూసి. అరిచి ఉంటే బాగుండేది. కత్తి బీరువాలోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎవరికీ చూపించలేదు.

"నన్ను క్షమించారంటావా?" అని అత్తయ్య నన్నడిగేది. ఆయన్నే అడగడానికి భయం. ఇద్దరి మీదా నాకు ఒళ్లు మండేది.

పెద్దకర్మ రోజున ఫొటో ముందు కత్తి తళతళలాడుతోంది. "ఆయన వస్తువుని మచ్చతో పెడతానా? నిన్నంతా స్టీల్ పీచుతో తోమాను" అంది అత్తయ్య, తేలికపడ్డ మొహంతో. మచ్చ పోయింది. లంగరు కూడా సగం పోయింది.

పాత కత్తులు బాగుచేసే ఒక అమెరికన్ పెద్దాయన, మావయ్య స్నేహితుడు, భోజనాల వేళకి వచ్చాడు. కళ్లజోడు సర్దుకుని, సగం అరిగిన లంగరు దగ్గరికి వంగి చూశాడు. తర్వాత మెల్లగా ఇంగ్లీషులో అత్తయ్యకి చెప్పాడు. "లంగరు చెడకుండా మచ్చ తీసేస్తానన్నాను. మీ ఆయన వద్దన్నాడు. 'ఇన్నాళ్లూ ఇది ఎవరిదో. మా ఆవిడ పూజ చేసింది కాబట్టి ఇప్పుడు మా ఇంటిది. బయట ఉంటే వచ్చినవాళ్లు మచ్చేమిటని అడుగుతారు, ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది, అందుకే లోపల పెట్టాను' అన్నాడు."

ఆ ముక్క ఆవిడతో ఒక్కసారి అని ఉండచ్చు కదా మావయ్యా!

అత్తయ్య ఏడవలేదు. కత్తిని ఒళ్లో పెట్టుకుని, కిటికీ వెలుతురుకి అటూ ఇటూ తిప్పుతూ, నున్నటి ఇనుము మీద ఆ మచ్చ కోసం బొటనవేలితో తడుముతూ కూర్చుంది.